ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్ర బోధన: నెల్లిమర్ల పరిసరాల వెలుగులో

విజయనగరానికి సమీపాన, చంపావతీ నది ఒడ్డున ఉన్న నెల్లిమర్ల పేరు చెప్పగానే ఉత్తరాంధ్ర వాసులకు ముందుగా జ్ఞాపకం వచ్చేది అక్కడి జూట్ మిల్లు. బ్రిటిషు పరిపాలనా కాలంలో స్థాపితమైన ఆ మిల్లు చుట్టూ ఊరు పెరిగింది. మిల్లు కార్మికుల పిల్లలు, చుట్టుపట్ల పల్లెల రైతుల పిల్లలు, చిన్న వర్తకుల పిల్లలు అటువంటి ఊళ్ళలోని ఉన్నత పాఠశాలలలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుతారు. వీరిలో పదవ తరగతి దాటిన తరువాత మళ్ళీ విజ్ఞానశాస్త్రం ముఖం చూడనివారే ఎక్కువ. కొందరు ఐ.టి.ఐ.లో చేరుతారు, కొందరు ఇంటరులో చరిత్ర, అర్థశాస్త్రాల వైపు పోతారు, మరికొందరు పనిలో కుదురుతారు. కనుక కాంతి, ఉష్ణం, ఆమ్లం, కణం, రక్తప్రసరణ అనే విషయాలపై ఒక మనిషికి జీవితమంతటికీ మిగిలే అవగాహన దాదాపు ఆ పది సంవత్సరాలలో, ముఖ్యంగా చివరి మూడు సంవత్సరాలలో ఏర్పడవలసిందే. అది ఏ విధంగా ఏర్పడుతున్నదో విచారించడం అనవసరమైన పని కాదు.

మన రాష్ట్రంలో ఆరు, ఏడు తరగతులకు సామాన్య శాస్త్రం ఒకే విషయంగా ఉంటుంది. ఎనిమిదవ తరగతి నుండి అది రెండుగా చీలుతుంది. భౌతిక, రసాయన శాస్త్రాలను ఒక ఉపాధ్యాయుడు, జీవశాస్త్రాన్ని మరొక ఉపాధ్యాయుడు బోధిస్తారు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ఒక్కొక్క భాగానికి 50 మార్కులు. ఈ ఏర్పాటులో తప్పు పట్టవలసినది లేదు. అసలు విషయం ఆ నలభై అయిదు నిమిషాల పీరియడులో ఏమి జరుగుతుందన్నది.

సాధారణంగా జరిగేది ఇది. ఉపాధ్యాయుడు పాఠం శీర్షిక నల్లబల్ల మీద వ్రాస్తాడు. నిర్వచనం చెబుతాడు, పిల్లలు వ్రాసుకుంటారు. బొమ్మ వేస్తాడు, పిల్లలు దించుకుంటారు. పాఠం చివర ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టిస్తాడు. పరికరాలు బీరువాలో ఉంటాయి. పరీక్షనాళికలు పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం వల్ల కొంత, అరవై మందిని ఒక స్పిరిట్ దీపం చుట్టూ నిలబెట్టలేకపోవడం వల్ల కొంత, తాళం తీయడం అరుదు. సంవత్సరాంతంలో రికార్డు పుస్తకాలు పూర్తి కావాలి గనుక, పై తరగతికి వెళ్ళిన అన్నయ్య రికార్డును చూచి తమ్ముడు వ్రాస్తాడు. ఆ రికార్డులోని భాష గమనించదగినది: ‘పరీక్షనాళికలో ద్రావణం తీసుకొనబడినది, వేడి చేయబడినది, రంగు మారుట గమనించబడినది.’ తెలుగు వ్యాకరణంలో కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం అని రెండు ఉన్నవని అదే పిల్లవాడు పక్క పీరియడులో నేర్చుకుంటాడు. విజ్ఞానశాస్త్రంలో మాత్రం అతనికి కర్మణి ప్రయోగం ఒక్కటే దక్కుతున్నది. పని జరిగింది, చేసినవాడు లేడు!

ఇందుకు ఉపాధ్యాయుణ్ణి మాత్రమే బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. 1964–66 నాటి కొఠారీ కమీషన్, మొదటి పది సంవత్సరాల విద్యలో విజ్ఞానశాస్త్రం, గణితం అందరికీ తప్పనిసరి కావాలని సిఫారసు చేసింది. 1968 జాతీయ విద్యా విధానం ఆ దారినే అనుసరించింది. తప్పనిసరి చేయడం ఒక ఉత్తరువుతో అవుతుంది. ప్రతి పాఠశాలలో ప్రయోగశాల, దానికి ఒక సహాయకుడు, ఏటా కొంత రసాయన సామగ్రి సమకూర్చడం ఉత్తరువుతో అయ్యే పని కాదు. పాఠ్యపుస్తకాలు మాత్రం మెరుగుపడ్డాయి. 2011లో రూపొందిన రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రాన్ని అనుసరించి వచ్చిన పుస్తకాలు పిల్లలు ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగం, క్షేత్ర పరిశీలన, నిత్యజీవితంలో వినియోగం అనే వాటిని స్పష్టంగా ప్రమాణాలుగా పెట్టుకున్నాయి. ప్రతి పాఠంలో ‘కృత్యాలు’ చేర్చబడ్డాయి. కొంతకాలం పదవ తరగతిలో 20 మార్కులు పాఠశాలలోనే జరిగే మూల్యాంకనానికి కేటాయించారు. అయితే ఆ మార్కులు ఉదారంగా పంచిపెట్టబడుతున్నాయన్న ఆరోపణ బలపడి, 2019లో ఆ పద్ధతి ఎత్తివేయబడింది. ఆరోపణలో నిజం లేకపోలేదు. కాని ఫలితమేమంటే, చేతితో చేసే పనికి పరీక్షలో ఉన్న ఆ కాస్త విలువ కూడా పోయింది. 2024–25లో పదవ తరగతికి జాతీయ సంస్థ ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యాంశాలు వచ్చినప్పుడు పుస్తకం మారింది. వాటిలోనూ కృత్యాలు ఉన్నాయి. కృత్యాన్ని ‘చదివి’ జవాబు వ్రాయవచ్చునని పిల్లలకు ఎంతో కాలంగా తెలుసు.

అరబీ మదరసాలలోని పాఠ్యక్రమంతో పరిచయమున్న పాఠకులకు ఇక్కడ ఒక పాత విభజన జ్ఞాపకం రాక మానదు. మన పూర్వులు విద్యలను రెండు తరగతులుగా చేశారు: ఒకటి ‘ఉలూమె నఖ్లియా’, అనగా పెద్దల నుండి పరంపరగా అందుకొనే విద్యలు. రెండవది ‘ఉలూమె అఖ్లియా’, అనగా బుద్ధితో, పరిశీలనతో సాధించుకొనే విద్యలు. ఖుర్ఆన్ వ్యాఖ్యానం, హదీసు మొదటి తరగతికి చెందినవి. తర్కం, గణితం, ఖగోళం, ప్రకృతి విజ్ఞానం రెండవ దానికి చెందినవి. 18వ శతాబ్దిలో లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ‘దర్సె నిజామీ’లో రెండూ పక్కపక్కనే ఉండేవి. తెలుగులో మనం నిత్యం వాడే ‘నకలు’ అనే మాట ఆ ‘నఖ్ల్’ నుండి వచ్చినదే. నేటి ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం అఖ్లీ విద్య పేరుతో ప్రవేశించి నఖ్లీ విద్యగా బోధింపబడుతున్నది. తమ్ముడు అన్నయ్య రికార్డును నకలు చేయడం దానికి ఒక గుర్తు మాత్రమే.

ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. నిజమైన నఖ్లీ విద్యకు కఠిన నియమాలున్నాయి. హదీసు విద్యార్థి ఒక వాక్యాన్ని కంఠస్థం చేస్తే చాలదు. అది ఎవరి నుండి ఎవరికి చేరిందో, ఆ పరంపరలోని ప్రతి వ్యక్తీ నమ్మదగినవాడో కాదో తెలుసుకోవాలి. దానినే ‘సనద్’ అంటారు. సనద్ లేని మాటకు విలువ లేదు. పాఠశాల విద్యార్థి ‘ప్రాణవాయువు దహనానికి దోహదం చేయును’ అని వ్రాస్తాడు. ఎవరు కనుగొన్నారు, ఏ ఆధారంతో కనుగొన్నారు, ముందు ఎవరు పొరబడ్డారు అని అడిగితే మౌనమే సమాధానం. అంటే అతనికి ప్రయోగమూ లేదు, సనదూ లేదు. రెండు విద్యలలో దేని క్రమశిక్షణా అతనికి అందలేదు. కంఠస్థం చేయడం స్వతహాగా దోషం కాదు. మూలకాల సంకేతాలు, ఎక్కాలు, సూత్రాలు నోటికి రాకుండా పని జరగదు. కంఠస్థం చేసినదాన్ని పరీక్షించి చూచే అవకాశం ఎన్నడూ రాకపోవడమే దోషం.

దీనికి ఖరీదైన ప్రయోగశాల కావాలనుకోవడం పొరపాటు. బస్రాలో సుమారు 965లో జన్మించి, కైరోలో సుమారు 1040లో మరణించిన ఇబ్నుల్ హైసమ్ కాంతి శాస్త్రంపై ‘కితాబుల్ మనాజిర్’ అనే ఏడు భాగాల గ్రంథం రచించాడు. కన్ను నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందని ప్రాచీన గ్రీకు పండితులలో యూక్లిడ్, టాలెమీ వంటివారు భావించారు. వస్తువు నుండి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని ఆయన వాదించి, ప్రయోగాలతో తన వాదాన్ని బలపరచాడు. ఆయన ప్రయోగాలలో ఒకటి ఏ పల్లెటూరి పాఠశాలలోనైనా చేయదగినది. ఒక చీకటి గది కావాలి. దాని తలుపుకు ఒక చిన్న రంధ్రం. తలుపు వెలుపల, రంధ్రానికి ఎదురుగా, కొంత ఎడంగా మూడు దీపాలు ఉంచాలి. లోపలి గోడ మీద మూడు వెలుగు మచ్చలు వేరువేరుగా పడతాయి. ఎడమ వైపు దీపపు మచ్చ కుడి వైపున, కుడి వైపు దీపపు మచ్చ ఎడమ వైపున కనబడతాయి. ఇప్పుడు ఒక దీపాన్ని చేతితో అడ్డగిస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది, తక్కిన రెండూ చెక్కుచెదరవు. చేయి తీస్తే తిరిగి అదే చోట కనబడుతుంది. మూడు దీపాల కాంతి ఒకే రంధ్రం గుండా వచ్చినప్పటికీ ఒకదానితో ఒకటి కలిసిపోలేదు. ఒక్కొక్కటి తన తిన్నని దారిలోనే పోయింది. ‘కాంతి ఋజుమార్గంలో ప్రయాణించును’ అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు వ్రాసినా రాని నమ్మకం ఆ చేయి అడ్డం పెట్టిన క్షణంలో వస్తుంది. ఖర్చు మూడు కొవ్వొత్తులు.

ఇబ్నుల్ హైసమ్ ఇటువంటి పరీక్షకు వాడిన అరబీ పదం ‘ఇఅతిబార్’. ఒక దాని నుండి మరొకదానికి దాటి పోవడం, చూచినదాని నుండి తెలుసుకోవడం అనే భావం ఆ ధాతువులో ఉన్నది. ఖుర్ఆన్‌లోని హష్ర్ సూరాలో చూపు గలవారిని సంబోధిస్తూ అదే ధాతువుకు చెందిన క్రియాపదం వచ్చింది. విచిత్రమేమంటే ఉర్దూలోకి వచ్చేసరికి అదే పదం ‘ఏతిబార్’ అయి, నమ్మకం అనే అర్థంలో స్థిరపడింది. పరీక్షించడం కాస్తా నమ్మడమైపోయింది. మాటలకు ఇటువంటి గతులు పట్టడం సహజమే గాని, పాఠశాలలో విజ్ఞానశాస్త్రానికి పట్టిన గతి కూడా ఇదే.

నెల్లిమర్ల పరిసరాలను చూస్తే పుస్తకంలోని పాఠాలు సగం బయటనే ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో గోనె పరిశ్రమకు స్థానికంగా దొరికే ముడి సరకు బెంగాలు జనుము కాదు, గోగు. సాగు మునుపటి కంటే బాగా తగ్గినప్పటికీ గోగు కట్టలను చూడని పిల్లవాడు ఆ ప్రాంతంలో ఉండడు. గోగు మందార జాతి మొక్క. మనం తినే గోంగూర, తోటలోని మందారం, చేనులోని గోగు దగ్గరి బంధువులు. జీవశాస్త్రంలో పుష్ప భాగాలు చూపించడానికి ఉపాధ్యాయుడు మందారాన్నే కోసి చూపుతాడు: రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, గొట్టంలా ఏర్పడిన కేసరాలు, మధ్యలో కీలం. అదే సమయంలో ఒక గోగు పువ్వును, ఒక బెండ పువ్వును పక్కన పెడితే, పరిమాణం వేరైనా కట్టడం ఒకటేనని పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు. వర్గీకరణ అనగా ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సులభమైన మార్గం లేదు.

ఆ తరువాత నార తీసే విధానం. కోసిన గోగును కట్టలు కట్టి చెరువులోనో, గెడ్డలోనో పదిహేను ఇరవై రోజులు నానబెడతారు. బెరడులో నార పోగులను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని నీటిలోని బాక్టీరియాలు తినివేస్తాయి. అప్పుడు నార పుల్ల నుండి సులభంగా ఊడివస్తుంది. ముందే తీస్తే నార విడివడదు. ఆలస్యమైతే బాక్టీరియాలు నారను కూడా పాడుచేసి అది పటుత్వం కోల్పోతుంది. రైతు కట్టను తాకి చూచి ‘ఇంకా రెండు రోజులు’ అంటాడు. అతడు సూక్ష్మజీవుల పని ఎంతవరకు వచ్చిందో చేతితో కొలుస్తున్నాడన్నమాట. నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోవడం వల్ల చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరవడం, ఆ దుర్వాసన, వెచ్చని రోజులలో పని త్వరగా కావడం, ఇవన్నీ పాఠాలే. ఎనిమిదవ తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు పెరుగు తోడుకోవడం ఉదాహరణగా ఇస్తారు. అది మంచి ఉదాహరణే. అయినా తండ్రులు, తాతలు ఆ నారతోనే బ్రతికిన ఊరిలో నార మాట రాకుండా సూక్ష్మజీవుల పాఠం ముగియడం వింతగానే తోస్తుంది.

రసాయన శాస్త్రానికి కూడా ఆ జిల్లా పేద కాదు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలు మాంగనీసు గనులకు ప్రసిద్ధి. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఫెర్మర్ అనే శాస్త్రజ్ఞుడు 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాల గురించి ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. ఈ జిల్లాలోని కోడూరు పేరుతోనే ఒక శిలకు ‘కోడురైట్’ అని నామకరణం చేసినవాడు ఆయనే. లోహ సంగ్రహణ పాఠంలో ‘పైరోల్యుసైట్’ అనే ధాతువు పేరు పట్టికలో ఒక వరుసగా ఉండేది. పిల్లలు దానిని ఇతర పేర్లతో పాటు వల్లెవేసేవారు. అది మాంగనీసు డయాక్సైడే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆ నల్లని పొడి చిటికెడు వేస్తే బుసబుస పొంగి ప్రాణవాయువు వెలువడుతుంది. ఆర్పిన అగరువత్తి కొసను దగ్గరకు తెస్తే భగ్గున వెలుగుతుంది. పొడి మాత్రం తరగదు, మారదు. ఉత్ప్రేరకం అంటే అదే. ఆ పొడి ఎక్కడి నుండి వస్తుందని అడిగితే రైలులో రెండు మూడు స్టేషన్ల అవతల గనులను చూపవచ్చు.

భౌతిక శాస్త్రంలో ‘పని’ అనే పాఠం ఇంకొక రకమైన చిక్కు తెచ్చిపెడుతుంది. తల మీద బస్తా పెట్టుకుని సమతలం మీద నడిచేవాడు గురుత్వ బలానికి వ్యతిరేకంగా చేసిన పని శూన్యం అని పుస్తకం చెబుతుంది. బలం నిలువుగా ఉన్నది, స్థానభ్రంశం అడ్డంగా ఉన్నది కనుక గణితం ప్రకారం ఇది నిజం. పగలంతా బస్తాలు మోసి చెమటోడ్చి ఇంటికి వచ్చిన కళాసీ కొడుకు ఈ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? బస్తా ఎత్తేటప్పుడు పని జరిగిందనీ, నడిచేటప్పుడు శరీరంలోని కండరాలు లోలోపల శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయనీ, శాస్త్రంలో ‘పని’ అనే మాటకు కొలవదగిన సంకుచితార్థం ఇవ్వబడిందనీ ఉపాధ్యాయుడు ఆగి చెప్పాలి. చెప్పకపోతే పిల్లవాడు పరీక్షలో శూన్యమని వ్రాస్తాడు, మనసులో పుస్తకం అబద్ధమనుకుంటాడు. రెండు వేరు గదులలో రెండు వేరు నిజాలు దాచుకోవడం అతనికి అలవాటవుతుంది.

ఇక్కడే పరిభాష సమస్య ఎదురవుతుంది. ‘వడి’, ‘వేగం’ ఇంట్లో ఒకటే, పుస్తకంలో వేరు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే పదాన్ని విడదీసి చెబితే అది తన అర్థాన్ని తానే చెబుతుంది: వెలుగు కిరణం వల్ల పుట్టిన కూర్పు. విడదీయకపోతే అది పది అక్షరాల మంత్రం. ఉర్దూలో ఇదే బాధ మరొక రూపంలో కనబడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హైదరాబాదులో 1917లో స్థాపితమైన దారుత్తర్జుమా, మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యాన పని ప్రారంభించి, ఆధునిక శాస్త్రాలన్నిటికీ ఉర్దూ పదాలు కల్పించింది. పరావర్తనానికి ‘ఇన్ఇకాస్’, వక్రీభవనానికి ‘ఇన్ఇతాఫ్’. ఈ రెండూ ఇబ్నుల్ హైసమ్ వాడిన మాటలే. అరబీ తెలిసినవాడికి అవి కళ్ళకు కట్టినట్లుంటాయి. తెలియని ఉర్దూ విద్యార్థికి అవి కూడా మంత్రాలే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమంలో చేసిన కృషి విలువైనది. అక్కడ సంస్కృతం అరబీ స్థానాన్ని తీసుకున్నది. పదం ఏ భాష నుండి వచ్చిందన్నది ముఖ్యం కాదు. పదాన్ని చెప్పేముందు వస్తువును చూపించారా లేదా అన్నదే ముఖ్యం.

2020 నుండి రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు. ఆంగ్ల మాధ్యమంపై ప్రభుత్వ ఉత్తరువులు, న్యాయస్థాన తీర్పులు, వాదోపవాదాలు చాలా జరిగాయి. వాటిని ఇక్కడ తిరగతోడనవసరం లేదు. అనువాదం సంగతి తెలిసినవారు ఈ పుస్తకాన్ని ఒక అవకాశంగా చూడగలరు. రెండు పుటలను పోల్చి చదివే పిల్లవాడు ఒక భావం పదానికి అతీతమైనదని గ్రహిస్తాడు. కాని పరీక్ష ఆంగ్లంలో వ్రాయవలసిన పిల్లవాడు తెలుగు పుటలో అర్థం చేసుకుని, ఆంగ్ల పుటను కంఠస్థం చేస్తే, నకలు చేసే పని మరొక మెట్టు ఎక్కినట్లే అవుతుంది.

చేతితో చేసే విజ్ఞానశాస్త్రం మన దేశపు ప్రభుత్వ పాఠశాలల్లో సాధ్యం కాదనేవారికి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ అనుభవం సమాధానం చెబుతుంది. 1972లో 16 గ్రామీణ పాఠశాలల్లో ఆరంభమైన ఆ కార్యక్రమంలో పిల్లలు చవకైన పరికరాల పెట్టెతో స్వయంగా ప్రయోగాలు చేసేవారు. పరీక్షలో పుస్తకం తెరచి వ్రాయవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. ముప్పై ఏళ్ళు నడిచి, వందలాది పాఠశాలలకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం నిలిపివేసింది. నిలిపివేతకు కారణాలు వాదగ్రస్తం. అయితే సాధ్యమని మాత్రం తేలిపోయింది. అక్కడ ముందుగా మార్చినది పరీక్షను. మన దగ్గర పుస్తకాన్ని నాలుగుసార్లు మార్చి, పరీక్షను అలాగే ఉంచుతారు.

చివరగా గ్రహణాల సంగతి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుండి వర్ణపటదర్శినితో పరిశీలించాడు. హీలియం అనే మూలకం ఉనికి తెలియడానికి ఆ గ్రహణ పరిశీలనలే దారి తీశాయి. ఆవర్తన పట్టికలో రెండవ గడి నింపే పిల్లలకు గుంటూరు పేరు వినబడదు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల్–రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు పరిశీలిస్తూ ఉండగా, రాష్ట్రంలో చాలా ఊళ్ళ వీధులు నిర్మానుష్యమయ్యాయి. తలుపులు మూసుకుని కూర్చున్నవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ముస్లిములకైతే ఈ విషయంలో సాకు తక్కువ. ప్రవక్త ముహమ్మద్ (స) గారి చిన్న కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజుననే సూర్యగ్రహణం పట్టింది. జనం ఆ రెండింటికీ ముడి పెట్టారు. పుత్రశోకంలో ఉన్న ఆయన ఆ మాటను అంగీకరించక, ఎవరి చావు పుట్టుకల వల్లనూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని స్పష్టం చేసి, నమాజు వైపు మళ్ళించారు. ఈ ఉల్లేఖన బుఖారీ గ్రంథంలో ఉన్నది.

సూర్యుని వైపు నేరుగా చూడడం కంటికి ప్రమాదమే. అందుకు తలుపులు మూసుకోనవసరం లేదు, చెట్టు కిందికి వెళితే చాలు. మామూలు రోజులలో చింతచెట్టు నీడలో పడే వెలుగు మచ్చలు గుండ్రంగా ఉంటాయి. ఆకుల సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రమే, ఎందుకంటే ఆ మచ్చ సందు ఆకారం కాదు, సూర్యుని బింబం. పాక్షిక గ్రహణ సమయంలో ఆ మచ్చలన్నీ నెలవంకలుగా మారతాయి. దీనిని గురించి ‘గ్రహణపు ఆకారం’ అన్న పేరుతో ఇబ్నుల్ హైసమ్ ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశాడు. రంధ్రం ఎంత చిన్నదైతే నెలవంక అంత స్పష్టంగా ఎందుకు కనబడుతుందో, రంధ్రం పెద్దదైతే ఎందుకు చెరిగిపోతుందో అందులో లెక్కకట్టి చూపాడు. గ్రహణం లేని రోజున కూడా ఒక అట్టముక్కకు సూదితో ఒకటి, మేకుతో ఒకటి, మూడు మూలలుగా కత్తిరించి ఇంకొకటి రంధ్రాలు చేసి, పాఠశాల ఆవరణలో ఎండలో పట్టుకుంటే, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు మూడు మూలల మచ్చ, పైకి ఎత్తిన కొద్దీ గుండ్రని మచ్చ కనబడతాయి. ఎంత ఎత్తున అది గుండ్రమయిందో స్కేలుతో కొలిచి వ్రాసుకోమంటే, ఆ పుటను చూచి వ్రాయడానికి అన్నయ్య రికార్డు పనికిరాదు. అతని అట్టముక్క రంధ్రం వేరు.